పక్కవాటికి లేని పరుగు

సైటులో ఆమెను అందరూ సుత్తమ్మ అంటారు. చేతిలో చిన్న సుత్తి, నోట్లో పెద్ద సుత్తి అని వెనక నవ్వుకుంటారు. నిజమే, పని గురించి మొదలుపెట్టిందంటే ఆవిడ ఒక పట్టాన ఆపదు.

భవనం బరువు మోయడానికి భూమిలోకి దింపిన కాంక్రీటు స్తంభాలు, అంటే పైళ్ళు, బాగున్నాయో లేదో తేల్చడం ఆమె పని. పైలు తల మీద సెన్సారు అంటించి సుత్తితో ఒక్కటి వేస్తే, ఆ దెబ్బ అడుగుదాకా పోయి తిరిగొస్తుంది. మధ్యలో పగులుంటే అక్కణ్ణుంచే వెనుదిరుగుతుంది. చుట్టుపక్కల రొదనంతా వడగట్టి కంప్యూటర్ ఒక గీత గీస్తుంది. కాకపోతే, కాంక్రీటులో దెబ్బ ఎంత వేగంతో పరిగెడుతుందో మాత్రం మనిషే రాయాలి, లోతు లెక్క దాన్ని బట్టే.

ఆసుపత్రి కడుతున్న ఆ సైటులో, మూల పైలు దగ్గర దెబ్బ ముందే తిరిగొచ్చేసింది. మళ్ళీ మళ్ళీ కొట్టి చూసినా అంతే.

ఆ పైళ్ళు పోయించింది సాక్షాత్తూ ఆమె అక్క మొగుడు.

"వేగం కాస్త పెంచి రాసెయ్, మరదలా," అన్నాడు బావ గొంతు తగ్గించి. "అప్పుడు అడుగు నుంచే వచ్చినట్టు కనిపిస్తుంది."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఈ కిటుకు ఆయనకు చెప్పింది తానే. దొంగ పరీక్షలు ఎలా చేస్తారో ఒకసారి భోజనాల దగ్గర గొప్పగా వివరించింది. అందరూ ఆవులించారు, బావ ఒక్కడే చెవులు రిక్కించి విన్నాడు. ఇన్నాళ్ళకు తన మాట వినే మనిషి దొరికాడని మురిసిపోయింది కూడా.

"పక్క పైళ్ళూ నీ కాంక్రీటే కదా బావా? వాటికి లేని పరుగు దీనికెక్కడిది?"

"అలా అడిగేదానివి నువ్వొక్కదానివే. ఇంకెవరికి తెలుస్తుంది?"

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందే. ఆయన ఉద్యోగం పోతే నేనూ పిల్లలూ ఏమైపోవాలి? నిన్ను చదివించింది ఎవరో మర్చిపోయావా?"

మర్చిపోలేదు. నిజంగానే బావ చదివించాడు.

మర్నాడు వేగం మార్చింది. గీత బుద్ధిగా అడుగుదాకా సాగింది. ఒక్క పైలేగా, పక్కవి మోస్తాయిలే అనుకుంది. ఆ మాట తనే నమ్మలేదు, అయినా 'బాగుంది' అని సంతకం పెట్టింది. "నా బంగారు తల్లివే," అని అక్క అంటుంటే తన మీద తనకే అసహ్యం వేసింది.

కొన్నాళ్ళకు ఇంకో వరస పైళ్ళు సిద్ధమయ్యాయని విని వెళ్ళింది. చూస్తే వాటి తలల మీద అప్పటికే ఇనుము కట్టేసి కాంక్రీటు పోస్తున్నారు. సెన్సారు అంటించడానికి బెత్తెడు జాగా లేదు.

"ఆపండి! నేనింకా పరీక్ష చెయ్యనేలేదు!" అని అరిచింది.

మేస్త్రీ తలెత్తి చూశాడు. అతని మొహంలో ఎగతాళేమీ లేదు, మర్యాదగానే మాట్లాడాడు.

"ఎండలో మీకెందుకమ్మా శ్రమ? మీకోసం ఆగక్కర్లేదని మీ బావగారు చెప్పారు. మా మరదలు ఎలాగూ బాగున్నాయనే రాస్తుంది అన్నారు. కాస్త పక్కకు జరగండమ్మా, కాంక్రీటు గట్టిపడిపోతుంది."