ముప్పై ఎనిమిది కార్డులు

ఎల్డన్ సంచిలో అన్నిటికంటే అడుగున రంపం పెట్టాడు. పళ్ళు బయటికి రాకుండా దాన్ని పాత చొక్కాలో చుట్టి తాడు కట్టాడు. దాని మీద రెండు జతల పని బట్టలు, గడ్డం గీసుకునే సామాను, ఉన్ని మేజోళ్ళు. అంత వేడి దీవికి ఉన్ని మేజోళ్ళెందుకని నేను అడగలేదు. అడిగితే ఆ దీవి గురించి మాట్లాడాల్సి వస్తుంది.

అది 1941 సెప్టెంబరు. మాది కాలిఫోర్నియా నారింజ తోటల మధ్య చిన్న ఊరు. మా ఆయన పళ్ళ పెట్టెలు చేసే షెడ్డులో వడ్రంగి. పసిఫిక్ మధ్యలో వేక్ అనే దీవి మీద నౌకాదళానికి కట్టడాల పని ఉందని, తొమ్మిది నెలలకు మనుషుల్ని తీసుకుంటున్నారని తెలిసినప్పటినుంచీ అతను కుదురుగా లేడు. తిరిగొచ్చి సొంత షెడ్డు వేసుకోవాలని ఆశ. నేను ఆరో తరగతితో బడి మానేసినదాన్ని. తరవాతి చదువంతా ఊరి లైబ్రరీలో నాకు నేను నేర్చుకున్నదే. అక్కడి అట్లాసులో ఆ దీవిని వెతికాను. చిన్న చుక్క. దాని మీద వేలు పెడితే దీవి కనబడకుండా పోయింది. వేలికి ఒక పక్క అంతా నీళ్ళు. రెండో పక్క, నేను అనుకున్నదానికంటే దగ్గరగా, జపాను.

ఆ మాటే చెప్పాను. ఎల్డన్ నవ్వాడు.

"అట్లాసు చూసి భయపడే మనిషిని నిన్నే చూశాను ఓపల్. సముద్రపు పాముల బొమ్మలున్న పేజీ కూడా ఉందేమో, అదీ చూసి రాకపోయావా?"

మర్నాడు పదింటికి బస్సు. సంచి గొళ్ళెం పడలేదు. రెండుసార్లు నొక్కాడు, మూడోసారి మోకాలు పెట్టి నొక్కాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ సాయంత్రం మా హాల్లో కొత్త సినిమా. నేను అక్కడ టిక్కెట్లు అమ్మేదాన్ని. హాలీవుడ్ కంపెనీల వాళ్ళు విడుదలకు ముందు సినిమాని డబ్బాల్లో తెచ్చి, పేరు కూడా చెప్పకుండా మా ఊరి జనానికి చూపించేవాళ్ళు. అయిపోయాక వరండాలో ఒక్కొక్కరికి ఒక కార్డు, ఒక పెన్సిల్ ముక్క ఇచ్చేవాళ్ళం. ఏం నచ్చింది, ఏం నచ్చలేదు, ముగింపు ఎలా ఉంది. ఆ కార్డులు చదివి వాళ్ళు సినిమాని కత్తిరించేవాళ్ళు, అవసరమైతే మళ్ళీ తీసేవాళ్ళు. అంత పెద్ద తారల తలరాత మా చేతుల్లో ఉందని ఊరంతా కాస్త గర్వంగానే ఉండేది.

ఆ రోజు వేసింది వందేళ్ళ కిందటి కథ. తిమింగలాల వేటకు వెళ్ళే ఓడ కెప్టెను, అతను పెళ్ళాడిన పంతులమ్మ. పెద్ద పెద్ద గౌన్లు, గుర్రపు బళ్ళు, వానలో ముద్దు. కెప్టెను ఓడెక్కుతాడు. ఆమె కిటికీలో దీపం పెడుతుంది. ఏడేళ్ళు పెడుతుంది. చివరికి ఒక తెల్లవారుజామున ఆమె దీపం కిందికి దించి, ఊది ఆర్పుతుంది. అంతే, అయిపోయింది. హాల్లో ఎవరూ కదల్లేదు. నా పక్కన ఎల్డన్ తన టోపీ అంచుని చేతుల్లో తిప్పుతూ కూర్చున్నాడు. ఇంటికి నడుస్తానని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయాడు.

కార్డులు పోగు చేస్తే తొంభై కూడా లేవు. సగం మంది ఏడుపు మొహాలతో రాయకుండానే జారుకున్నారు. మా మేనేజరు హాస్కెట్ గారికి అది కొత్త కాదు. కార్డులు తక్కువ పంపితే కంపెనీ వాళ్ళు పక్క ఊరి హాలుకి పోతారని ఆయన బెంగ. అందుకని మిగిలిన ఖాళీ కార్డులు మేమే నింపేవాళ్ళం. అది తప్పని మాలో ఎవరికీ తోచేది కాదు. చేతిరాతలు వేరుగా ఉండాలి, మరీ పొగడకూడదు, అంతే ఆయన షరతు.

నాకు ముప్పై ఎనిమిది ఇచ్చాడు.

ముందు జనం రాసినవి చదివాను. గౌన్లు బాగున్నాయి. కెప్టెను మీసం అతికించినట్టుంది. ముద్దు మరీ పొడుగు, పిల్లలతో వచ్చాం. తిమింగలాన్ని ఇంకాసేపు చూపించాల్సింది. అన్నిటికీ అడుగున మిసెస్ లండీ కార్డు. ఆవిడ మా వీధి చివర కుట్టుపని చేసుకునే పెద్దావిడ. భర్త 1918లో ఫ్రాన్సులో యుద్ధంలో పోయాడు. పెద్ద అక్షరాలతో ఇలా రాసింది: "ముగింపు ముట్టుకోకండి. మా ఆయనా రాలేదు. ఒక్క సినిమా అయినా ఉన్నది ఉన్నట్టు చెప్పనివ్వండి."

ఆ కార్డు రెండోసారి చదివాను. ఇంట్లో మంచం పక్కన సంచి ఉంది. ఆ కార్డుని జేబులో పెట్టుకున్నాను. తరవాత పెన్సిలు చెక్కుకుని ముప్పై ఎనిమిది మందినయ్యాను. ఎడమ చేత్తో రైతునయ్యాను. వంకర అక్షరాలతో బడిపిల్లనయ్యాను. కొసలు తిప్పి బ్యాంకు గుమాస్తానయ్యాను. ముప్పై ఎనిమిదిమందిమీ ఒక్కటే అడిగాం: అతన్ని తిరిగి తీసుకురండి. అలా రాస్తే ఏదో ఆగుతుందని నాకు అనిపించింది. ఏదని ఎవరైనా అడిగి ఉంటే చెప్పలేకపోయేదాన్ని.

మర్నాడు పొద్దున నేను లేచేసరికి సంచి తెరిచి ఉంది. రంపం గోడ మేకుకి వేలాడుతోంది.

"ఆమె దీపం ఆర్పినప్పుడు నీ మొహం చూశాను" అన్నాడు ఎల్డన్. "నా వల్ల కాదు. తరవాతి ఓడ సంగతి తరవాత చూద్దాం. ఇప్పటికైతే కాఫీ పెట్టు."

నేను స్టవ్వు దగ్గర నిలబడి వెక్కివెక్కి ఏడ్చాను. కార్డుల సంగతి చెప్పలేదు. అవి అప్పటికే కంపెనీ కారులో వెళ్ళిపోయాయి. ఖాళీ సంచి మాత్రం అటక మీదికి పోలేదు. బీరువా మీదే, చెయ్యి చాస్తే అందేటంత ఎత్తులో ఉంది. ఊడుస్తున్నప్పుడల్లా దాన్ని చూసేదాన్ని.

అక్టోబరు మధ్యలో కంపెనీ మనిషి మళ్ళీ వచ్చాడు. మా ఊళ్ళో అంతమంది ఒకే మాట రాసేసరికి పైవాళ్ళు ఆలోచనలో పడ్డారట. ముగింపు మళ్ళీ తీశారట. అది మొదట మాకే చూపించాలని తెచ్చాడు. హాస్కెట్ గారు నా వైపు చూసి కన్ను గీటాడు.

ఎల్డన్‌ని రావద్దన్నాను. తలనొప్పి అన్నాను, చూసిన సినిమాయే కదా అన్నాను. చివరేదో మార్చారని షెడ్డులో అప్పటికే విన్నాడు. ముందు వరసలో కూర్చున్నాడు.

ఈసారి ఆమె దీపం దించి ఊదబోతుండగా వీధిలో అడుగుల చప్పుడైంది. కెప్టెను కుంటుకుంటూ, నవ్వుతూ, భుజాన సంచితో గేటు తోసుకుని వచ్చాడు. హాలంతా చప్పట్లు. ఎల్డన్ వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేశాడు. వెనక్కి తిరిగి, తలుపు దగ్గర నిలబడ్డ నన్ను వెతికి చూశాడు. ఆ చూపుతోనే నాకు అర్థమైంది.

వరండాలో మిసెస్ లండీ నా దగ్గర ఆగింది. కొత్త కార్డు తీసుకోలేదు.

"కిందటిసారి నేను రాసింది పంపావా అమ్మాయ్?"

"పంపానండీ" అన్నాను.

"ఎవరూ చదివినట్టు లేదులే" అని చేతికర్ర ఆనించుకుంటూ మెట్లు దిగింది.

ఇంటికి నడుస్తుంటే ఎల్డన్ ఆ ఈలే మళ్ళీ మళ్ళీ వేశాడు. నెలాఖరున ఇంకో ఓడ ఉందని, షెడ్డులో ఇద్దరు పేర్లిచ్చారని, తొమ్మిది నెలలు ఎంతలో గడుస్తాయని చెబుతూ నడిచాడు. ఇంటి మెట్ల దగ్గర అతని చొక్కా చెయ్యి పట్టుకుని ఆపి, దాచకుండా అంతా చెప్పాను. ఖాళీ కార్డులు, ఎడమ చెయ్యి, బ్యాంకు గుమాస్తా. అతను తిరిగి రావడం కథలో లేదని, నేను రాసి తెప్పించానని చెప్పాను.

ఎల్డన్ చాలాసేపు నవ్వాడు. కళ్ళు తుడుచుకుని నా నుదుటి మీద చెయ్యి పెట్టాడు.

"మరింకేం భయం? నాకూ ఒక కార్డు రాసి పెట్టు."

పది రోజుల తరవాత సంచి మళ్ళీ సర్దాడు. రంపం అడుగున పెట్టాడు. ఈసారి గొళ్ళెం మొదటిసారికే పడింది.

ఆ శీతాకాలం ఆ సినిమా దేశమంతా ఆడింది. మా హాల్లో మూడు వారాలు వేశారు. రెండో వారం ఆదివారం నాడు హవాయి మీద బాంబులు పడ్డాయని రేడియోలో చెప్పారు. వేక్ మీద కూడా పడ్డాయని ఆ తరవాత తెలిసింది. దీవి జపాను చేతిలోకి పోయింది. అయినా నేను కిటికీలో కూర్చుని టిక్కెట్లు అమ్మాను. ఆట అయ్యాక ఆడవాళ్ళు ముక్కులు తుడుచుకుంటూ, నవ్వుతూ వచ్చి ముగింపు ఎంత బాగుందో నాతో చెప్పి వెళ్ళేవాళ్ళు. మరుసటి ఏడు రెడ్ క్రాస్ ద్వారా ఒక చీటీ వచ్చింది. బతికే ఉన్నానని, మేజోళ్ళు పనికొచ్చాయని రెండు వాక్యాలు. తరవాత ఏమీ రాలేదు.

మిసెస్ లండీ కార్డు ఇప్పటికీ నా దగ్గరే ఉంది. ఆవిడకి తిరిగి ఇవ్వలేదు. నిజం చెప్పనూ లేదు.

నా భర్త ఎల్డన్ ప్రూయిట్ 1941 అక్టోబరు ఇరవై ఏడున, సోమవారం, పదింటి బస్సెక్కాడు. 1943 అక్టోబరు ఏడున వేక్ దీవి మీద మరో తొంభై ఏడుగురు పనివాళ్ళతో పాటు అతన్ని జపాను సైనికులు కాల్చి చంపారు. తిరిగి రాలేదు.