రెండంగుళాలు కిందికి

ఫిన్నీ తీసిన ఫొటో నోటీసు బోర్డుకెక్కిన రోజు నుంచీ అతని తోటి విద్యార్థిని ఇందుకి అన్నం సయించలేదు.

ఇద్దరూ ఎల్బీనగర్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎంటెక్ చదువుతున్నారు. అద్దాల పెట్టెలో నిలబెట్టిన ఇనుప ట్యూబుల చుట్టూ గాలి ఎలా పోతుందో చూడడం వాళ్ల పని. గాలిలోకి పొగ వదిలి, లేజర్ కిరణాన్ని పలుచటి పరదాలా అడ్డంగా పరిస్తే, ఆ ఆకుపచ్చ వెలుగులో సుడులు కనిపించేవి. ఫిన్నీ ఫొటోల్లో ఒక్కో సుడినీ లెక్కపెట్టవచ్చు. ఇందు ఫొటోల్లో వట్టి పొగే. "ఫిన్నీని చూసి నేర్చుకోమ్మా" అనేవారు గైడు త్రినాథరావు. వింటుంటే ఆమెకు ఒళ్లు మండిపోయేది.

సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయాయి. ఒక పొద్దున ఇందు దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచి కాలేజీకొచ్చింది. ల్యాబులో ఫిన్నీ అన్నీ అమర్చి, టీకి వెళ్లినట్టున్నాడు. ఇందు స్టాండు మర వదులు చేసి, లేజర్‌ను రెండంగుళాలు కిందికి దించింది. గబగబా లైబ్రరీకి పోయి కూర్చుంది.

మధ్యాహ్నం త్రినాథరావు ఆమెను ల్యాబుకు పిలిపించారు. ఫిన్నీ ఆ పొద్దున తీసిన ఫొటో ఆయన చేతిలో ఉంది.

"నేను పెట్టిన ఎత్తు గిది కాదు సార్," అంటున్నాడు ఫిన్నీ. "ఎవరో జరిపిన్రు."

"జరిపినవాళ్లకి దణ్ణం పెట్టాలయ్యా! ట్యూబు అడుగు దగ్గర గాలి ఎలా చుట్టుకుంటోందో చూడు. అక్కడే దుమ్మెందుకు పేరుకుంటుందో ఇన్నాళ్లూ మనకి అర్థం కాలేదు. ఎవరో తెలిస్తే పేపర్లో వాళ్ల పేరే ముందు వేస్తాను."

"నేనే సార్," అంది ఇందు. "అడుగున ఎట్లుంటదో చూద్దామని."

నాలుగు నెలల్లో మొదటిసారి ఆయన ఆమెను మెచ్చుకున్నారు.

సాయంత్రం ఇద్దరూ కలిసి నడిచారు. రోడ్డు మధ్య సమ్మెవాళ్ల వంటావార్పు పొయ్యిలు చల్లారుతున్నాయి.

"రోజూ గక్కడనే నిలబడ్డ. నాకెందుకు తోచలే?" అన్నాడు ఫిన్నీ.

ఆ ముఖం ఇందుకి బాగా తెలుసు. నాలుగు నెలలుగా అద్దంలో చూసుకుంటున్నదే.

"నాక్కూడా తోచలే. నీ ఫొటోలు ఖరాబు కావాలని దించిన."

కొత్తపేటలో తన కిరాయి గది సందు దగ్గర ఫిన్నీ ఆగాడు.

"రేపు సార్‌కు నువ్వే చెప్పు," అన్నాడు. "చెప్పినంక రా. పొగ ఎంత వదలాల్నో చూపిస్త."

మర్నాడు చెప్పింది. త్రినాథరావు వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. పేపర్లో ఆమె పేరు పడలేదు. పొగ వదలడం మాత్రం ఫిన్నీ ఓపిగ్గా నేర్పాడు. అంత మంచితనం అతనికెలా వచ్చిందోనని, ఇందు ఇప్పుడు దానికి కూడా కుళ్లుకుంది.