కెప్టెన్ అనని మాట

ఆ మాట కెప్టెన్ అనలేదు. తొమ్మిదేళ్లు నడిచిన సీరియల్ ఆఖరి భాగంలో, ఆఖరి నిమిషంలో, ఇంతమంది చేత కళ్లనీళ్లు పెట్టించిన ఆ ఒక్క మాట సబ్‌టైటిల్స్ రాసే అమ్మాయి సొంతంగా కల్పించింది. ఈ సంగతి ఎవరితోనూ అనలేదు, అద్దంతో కూడా.

అంతరిక్షంలో దారి తప్పిన ఓడ, దాన్ని నడిపే నడివయసు కెప్టెన్, కింద ఆమె కోసం కాచుకుని కూర్చున్న ఊరు. కథంతా పరాయి భాషలోనే. ఆ భాష అమ్మాయి బళ్లో నేర్చుకున్నది కాదు. అక్కతో ఒకే మంచం మీద, ఒకే ఇయర్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని, ఈ సీరియల్ చూసి చూసి పట్టుకుంది. తర్వాత అదే అన్నం పెట్టింది. చివర్లో కెప్టెన్ రేడియో అందుకుని, “వస్తున్నా, ఉండండి” అంటుంది. రెండే సెకన్లు. ఆ రెండు సెకన్ల కింద అమ్మాయి రాసింది: “నా కోసం ఎదురుచూడకండి.”

పొరపాటున రాసింది కాదు. “వస్తున్నా” అని కొట్టబోతే వేళ్లు మొరాయించాయి. మూడేళ్లుగా అక్కకి ఫోన్లో అదే మాట చెప్పి చెప్పి దాన్ని అరగదీసింది మరి.

ఆ భాగం వచ్చిన మర్నాడు పొద్దున పదింటికి ఆ ఓడ వచ్చి అమ్మాయి ఉండే అపార్ట్‌మెంట్ మీద నిలబడింది, బోర్లించిన మూకుడులా, మసిపట్టి. మూడో అంతస్తు పిన్ని దుప్పట్లు ఆరడం లేదని వాచ్‌మన్ మీద పడింది. కదిలించడం తన చేతిలో లేదు, సెక్రటరీకి రాసివ్వమన్నాడతను. రాసిచ్చారు. నేల మీద ఆగితే పార్కింగ్ కింద రాయొచ్చుగానీ గాల్లో ఉన్నదానికి రూలు లేదని సెక్రటరీ తేల్చేశాడు. నాలుగో రోజుకి పిన్ని దుప్పట్లు చెల్లెలింటికి పంపడం మొదలుపెట్టింది.

అమ్మాయికి దాన్ని చూసే తీరికే లేదు. ముగింపు మీద జనం రాసినవన్నీ పోగేసి సూపర్‌వైజర్ ఆమె నెత్తినే రుద్దాడు. కంపెనీకి సారాంశం కావాలట. నాలుగువేల పైచిలుకు. చదివి చదివి ఆమె కళ్లు మంటలెత్తాయి. తొమ్మిదేళ్లు కూర్చోబెట్టి నట్టేట ముంచారని ఒకాయన. రోజూ మనుషుల్ని వేళకి ఇళ్లకి చేర్చే తనకా ఈ శిక్ష అని ఒక బస్సు డ్రైవరు. రిటైరైన మాస్టారొకాయన కథలోని తప్పులు లెక్కబెట్టి నూటికి ముప్పై రెండు వేశాడు. పడవ మీద వెళ్లిన భర్త ఆరేళ్లుగా తిరిగి రాని ఒకావిడ మాత్రం, కెప్టెన్ అలా చెప్పాక వాకిట్లో లైటు తీసేశాననీ, చాలా కాలానికి నిద్రపట్టిందనీ రాసింది. అది చదివి అమ్మాయి లేచి మొహం కడుక్కుని వచ్చింది.

శనివారం మధ్యాహ్నం, సగం పైగా అయ్యాక, ఇది కనబడింది.

“ఒకే ఇయర్‌ఫోన్‌తో ఇద్దరం మొదలుపెట్టాం ఈ సీరియల్. మా చెల్లెలు మూడేళ్లుగా వచ్చే నెల, వచ్చే నెల అంటోంది. కెప్టెనే ఎదురుచూడొద్దన్నాక నేనెంత? దాని గది రేపటి నుంచి వేరేవాళ్లకి ఇచ్చేస్తున్నాను. ముగింపు బాగుంది.”

పేరు లేదు. పేరెందుకు?

అమ్మ పోయిన రోజు అక్క ఫోన్ చేస్తే, “ఇదిగో వస్తున్నా” అంది అమ్మాయి. ఆ సాయంత్రానికి ఈ సీరియల్దే ఒక భాగం పంపాల్సి ఉంది. అది ముగించి బయల్దేరింది. వెళ్లేసరికి అంతా అయిపోయింది. రైలు దొరకలేదని చెప్పింది. అక్క ఒక్క మాట అడగలేదు. అన్నం పెట్టింది, పక్క వేసింది, ఆ గది అలాగే ఉంచింది. తిట్టి ఉంటే మర్నెల్లోనే వెళ్లేదేమో. తిట్టని మనిషి ఎదుట ఎలా కూర్చోవాలో తెలియక మూడేళ్లు గడిపేసింది.

బాల్కనీలో చప్పుడైంది. కెప్టెన్ నిచ్చెన దిగి, చెప్పుల స్టాండు దాటుకుని లోపలికొచ్చింది. తెర మీద కన్నా పొట్టి.

“కాసిని మంచినీళ్లు ఇస్తావా అమ్మాయ్?”

రెండు గ్లాసులు తాగి, కుర్చీలో కూలబడి బూట్లు విప్పుకుంది. పాదాలు వాచి ఉన్నాయి. అందరికీ ఎదురుచూడొద్దని చెప్పిందెవరని అడిగింది, కోపంగా ఏమీ కాదు.

“నేనేనండీ.”

“ఎందుకూ?”

“వస్తానని రాకపోవడం కంటే అదే నయమనిపించింది.”

కెప్టెన్ వాచిన పాదం ఒత్తుకుంది. “నయమే, నీకు.”

కింద ఎదురుచూసేవాళ్లుంటే తప్ప తమ ఓడ దిగదని చెప్పింది, కరెంటుంటే తప్ప మోటారు తిరగదన్నట్టు. అమ్మాయి తలొంచుకుని, ఫైలు వెళ్లిపోయిందనీ ఇక దిద్దడానికి వీల్లేదనీ చెప్పింది.

“మా సంగతి వదిలెయ్. ఇంకో ఊరు చూసుకుంటాం. అది నువ్వు ఎవరికి రాశావో, వాళ్లకి తెలుసా?”

ఆ మాట అంటూనే కెప్టెన్ తల వాల్చేసింది. నోరు కొంచెం తెరుచుకుని, సన్నగా గురక.

అమ్మాయి ఖాళీ గ్లాసు తీసి పక్కన పెట్టింది. అక్క ఫోన్ ఎత్తగానే “వస్తున్నా” అనకూడదు, అదొకటి ఖాయం. గది ఇవ్వొద్దని అడగడానికి మొహం లేదు. ఇచ్చుకోమనే చెప్పాలి. ఆ రోజు రైలు ఉంది అక్కా, నేనే ఎక్కలేదు అని చెప్పాలి. ఆ తర్వాత అక్క ఏమన్నా సరే, ఈసారైనా తిడితే బాగుండు, పూర్తిగా వినాలి.

కెప్టెన్‌కి మెలకువ రాకుండా ఫోన్ తీసుకుని, వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.