అరువు జబ్బు

సెలవులకు బయలుదేరే ముందు మా ఆడపడుచు నా చేత ఒట్టు వేయించుకుంది. ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ తన జబ్బు సంగతి ఎవరి దగ్గరా ఎత్తకూడదు. టాక్సీ అతని దగ్గర కాదు, గెస్ట్‌హౌస్ యజమానురాలి దగ్గర కాదు, ఎవరి దగ్గరా కాదు.

"అక్కడ నేను రోగిని కాదు వదినా. లావుపాటి వదినను వెంటేసుకుని నాలుగు చోట్లు చూడ్డానికొచ్చిన ఆడమనిషిని. అంతే."

"లావుపాటి అన్నది అవసరమా?"

"నమ్మేలా ఉండాలిగా మరి."

ఇంట్లో అందరికీ తను పిచ్చుక. చిన్నప్పుడు గింజలు ఏరుకున్నట్టు తినేదట. నలభై దాటినా ఆ పిలుపు పోలేదు, ఆ తిండీ మారలేదు. తనకున్నది కీళ్ళనూ కండరాలనూ పట్టుకుని, మధ్యలో సరదాకి జ్వరం కూడా తెప్పించే జబ్బు. దాని పూర్తి పేరు చెప్పేసరికి చెప్పేవాళ్ళకే నీరసం వస్తుంది. ఒకరోజు నాకంటే ముందు మెట్లెక్కేస్తుంది. మర్నాడు దువ్వెన పట్టుకోలేదు. రేపు ఎలాంటి రోజో తనకు తెలియదు, డాక్టర్లకూ తెలియదు. నాకు మాత్రం తెలుస్తుందని మా ఆయన నమ్మకం. అందుకే తోడుగా నన్ను పంపారు. తాను రాలేకపోయారు. ఆఫీసు ఆయన్ని వదలదో, ఆయన ఆఫీసును వదలరో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.

ఆ ఊళ్ళో చెరువుగట్టున ఒక రెస్టారెంట్ ఉంది. ఉన్నవి కొద్ది టేబుళ్ళే. మూడు వైపులా అద్దాలు, అద్దాల అవతల నీళ్ళు. పిచ్చుక దాని ఫోటో ఎక్కడో చూసి, అక్కడ ఒక పూట భోజనం చేయాలని పట్టు పట్టింది. మంచం మీద కూర్చుని పాఠ్యపుస్తకాల్లో తప్పులు దిద్దుతూ సంపాదించుకున్న తన సొంత డబ్బుతో, తన కార్డు మీద, ఇద్దరికి బుక్ చేసింది. మానుకునేట్టయితే ముందురోజు సాయంత్రంలోగా చెప్పాలని వాళ్ళ షరతు. ఆ తరువాత చెబితే మనిషికింతని కార్డులోంచి లాగేసుకుంటారు. అది భోజనం ఖరీదుకేమీ తీసిపోదు.

ముందురోజు సాయంత్రం పిచ్చుక అద్దం ముందు నిలబడి కూనిరాగాలు తీస్తూ రెండు చీరలు నా మీదే వేసి చూసుకుంది. తెల్లారేసరికి తన చేతివేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. దుప్పటి లాక్కోవడానికి కూడా నన్ను పిలవాల్సి వచ్చింది.

వేడినీళ్ళ సంచీ మోకాళ్ళ కింద పెట్టాను. మాత్రలు నోట్లో వేశాను. కర్టెన్ దగ్గరకు లాగాను, వెలుతురు కూడా నొప్పిగా ఉందంది కాబట్టి.

"డబ్బు పోతే పోనీలే వదినా. దీనికి కప్పం కట్టడం నాకేమైనా కొత్తా?"

కొత్త కాదు. సినిమా టిక్కెట్లు, రైలు టిక్కెట్లు, చిన్ననాటి స్నేహితురాలి పెళ్ళికని కుట్టించుకుని పెళ్ళికి వెళ్ళని జాకెట్టు, అన్నీ దానికి సమర్పించుకున్నవే. పోనీలే అని తను చాలా తేలిగ్గానే అంది. కానీ గోడవైపు తిరిగి అంది.

నేను రెస్టారెంట్‌కు ఫోన్ చేశాను. ఒక అమ్మాయి ఎత్తింది.

"ఒంట్లో బాగోలేదా మేడమ్? అలా అయితే మేనేజర్ గారు ఛార్జీ తీసేస్తారు, ఇంకో రోజుకు మారుస్తారు కూడా."

పిచ్చుక గోడవైపునుంచి ఇటు తిరిగి నన్ను చూస్తోంది.

"అదేం లేదమ్మా," అన్నాను.

"మరి కారణం ఏమని చెప్పమంటారు?"

"గొడవపడ్డాం."

"ఎవరితో మేడమ్?"

"ఒకళ్ళతో ఒకళ్ళం. మొహాలు చూసుకునే పరిస్థితి లేదు, ఇంక ఎదురెదురుగా కూర్చుని ఏం తింటాం?"

"గొడవలకి తీసెయ్యరు మేడమ్," అంది ఆ అమ్మాయి, నిజంగానే బాధపడుతూ. "కావాలంటే మీరే వచ్చి మేనేజర్ గారితో మాట్లాడండి. బుకింగ్‌లో రాశారుగా, మీ గెస్ట్‌హౌస్ పక్క వీధే కదా."

దుప్పటి కింద పిచ్చుక నవ్వుతోంది. నవ్వితే పక్కటెముకలు నొప్పి, అందుకని నవ్వును ముక్కలుముక్కలుగా వదులుతోంది. నేను చెప్పులేసుకుంటుంటే మాత్రం నవ్వు ఆపేసి, "వదినా, ఒట్టు," అంది.

"గుర్తుందిలే."

నేను వెళ్ళేసరికి రెస్టారెంట్ ఇంకా తెరవలేదు. నేల తుడిచిన తడి ఆరలేదు. లోపల ఎక్కడో ఉల్లిపాయలు వేగుతున్నాయి. ఒకావిడ గ్లాసులను వేడినీళ్ళ ఆవిరి మీద పట్టి, గుడ్డతో రుద్ది, వెలుతురుకెత్తి చూస్తోంది. ఒక్కో గ్లాసుతో ఒక్కో పంచాయితీ. మేనేజర్ అరవై దాటిన మనిషి. కోటు ఇంకా తొడుక్కోలేదు, కుర్చీ వెనక తగిలించి ఉంది. నాప్‌కిన్లు మడుస్తున్నాడు.

చెప్పాల్సిందంతా దారిలో కూడబలుక్కున్నాను. ఈ ఊరి నీళ్ళు పడలేదనీ, దూరపు బంధువు వచ్చాడనీ. ఆయన తలెత్తి, "చెప్పండమ్మా" అనేసరికి అవన్నీ నోట్లోనే ఆరిపోయాయి.

అప్పుడు నాకు తట్టింది. ఒట్టు పిచ్చుక జబ్బు గురించి. నా జబ్బు గురించి ఎవరూ ఒట్టు వేయించుకోలేదు.

"నాకు ఒంట్లో బాగోలేదండీ," అన్నాను. "కీళ్ళ జబ్బు. ఎప్పుడు పడగొడుతుందో తెలియదు. ఇవాళ పొద్దున పడగొట్టింది."

పక్క వీధి నుంచి నడిచొచ్చిన మనిషిని. ఆయన నమ్మడనుకున్నాను. ఆయన లేచి కుర్చీ లాగి, దాని మీద ఒక దిండు వేశాడు.

"ముందు కూర్చోండి. ఫోన్ చేస్తే సరిపోయేది కదమ్మా, ఈ ఒంటితో నడిచి ఎందుకొచ్చారు? ఎక్కడ నొప్పి?"

"వేళ్ళు. మోకాళ్ళు. పొద్దున్నే ఎక్కువ."

"ఎన్నాళ్ళనుంచి?"

"చాలా ఏళ్ళయిందండీ."

"నిద్ర పడుతుందా?"

ఆ ప్రశ్నలకు జవాబులు నాకు కొట్టినపిండి. ఎన్ని ఆసుపత్రి వరండాల్లో అప్పజెప్పానో. గడగడా చెప్పేశాను. ఆయన వింటున్నాడు. నాప్‌కిన్ మడవడం ఆపి మరీ వింటున్నాడు. వచ్చినవాళ్ళ బాగోగులు అడగడం ఆయన ఉద్యోగం, నాకు తెలియక కాదు. జీతం తీసుకునే అడుగుతున్నాడు. అయినా నా మొహంలోకి చూసి అడుగుతున్నాడు.

"మరి మిమ్మల్ని ఎవరు చూసుకుంటారమ్మా?"

ఇది మాత్రం ఏ ఆసుపత్రి వరండాలోనూ నన్నెవరూ అడగని ప్రశ్న.

"మా ఆడపడుచు," అన్నాను చివరికి.

"ఆడపడుచా! అదృష్టవంతులు. సొంత చెల్లెళ్ళే చూడరు ఈ రోజుల్లో."

నీళ్ళు అడిగాను. గ్లాసులు తుడిచే ఆవిడ అప్పుడే మెరిపించిన గ్లాసులో తెచ్చిచ్చింది. ఛార్జీ లేదన్నాడాయన. మేము వెళ్ళిపోయే రోజు మధ్యాహ్నానికి టేబుల్ మార్చాడు. గుమ్మం దాకా వచ్చి, మెట్టు దగ్గర చెయ్యి అందించాడు. ఆ చెయ్యి పట్టుకున్నాక కుంటకపోతే బాగుండదు కదా. మలుపు దాకా కుంటాను. మలుపు తిరిగాక కూడా కొంతదూరం కుంటి, ఎవరికోసమో అర్థంకాక మానేశాను.

పిచ్చుక అంతా విని, నొప్పిని కూడా లెక్కచేయకుండా నవ్వింది.

"నా చీరలు కట్టావు, నా గొలుసు పెట్టుకున్నావు, సరే అన్నాను. ఇప్పుడు జబ్బు కూడానా వదినా! మరీ ఇంత అడుక్కోవాలా?"

"నువ్వే దాన్ని దాచుకు కూర్చున్నావు. వాడకుండా మూల పడేసిన వస్తువు ఎవరు తీసుకుంటే ఏం?"

"ఏ కాలితో కుంటావు?"

"ఎడమది."

"నాది కుడిది! నా పరువు తీసేశావు పో."

అంతలో మా ఆయన ఫోన్. అది ఎలా ఉంది? ఫరవాలేదు. మందులు వేసుకుందా? వేసుకుంది. సరే. మా ఆయన మంచివారే. మాటకింతని బిల్లు పడుతుందన్నట్టు మాట్లాడతారు, అంతే. ఫోన్ పెట్టేశాక నేను కిటికీ దగ్గర కాసేపు నిలబడ్డాను. 'నిద్ర పడుతుందా' అన్న ప్రశ్నకు పిచ్చుక జవాబు కాకుండా నా జవాబు చెప్పి ఉంటే ఏం చెప్పేదాన్నో అని.

వెళ్ళిపోయే రోజుకు పిచ్చుక వేళ్ళు తెరుచుకున్నాయి. పూర్తిగా కాదు, కానీ తెరుచుకున్నాయి. తలస్నానం చేసింది. కాటుక తనే పెట్టుకుంది, కాస్త వంకరగా. నేను దిద్దబోతే చెయ్యి పక్కకు నెట్టి, "రోగిష్టిదానివి, నువ్వు కూర్చో," అంది.

రెస్టారెంట్ గుమ్మంలోనే మొదలుపెట్టింది. నా మోచెయ్యి పట్టుకుని, "నెమ్మదిగా వదినా, మెట్టుంది," అంటూ లోపలికి నడిపించింది. ఈసారి మేనేజర్ కోటులో ఉన్నాడు. మమ్మల్ని అద్దం పక్కన కూర్చోబెట్టాడు. నీళ్ళ మీద ఎండ పడి, ఆ వెలుగు పిచ్చుక గడ్డం కింద ఆడుతోంది.

ఆయన వంగి నన్ను అడిగాడు. "ఇవాళ ఎలా ఉందమ్మా?"

నిజం చెబుతున్నాను, ఆ ప్రశ్న కోసం నేను ఎదురుచూశాను. గదిలో బట్టలు మడతపెడుతున్నప్పుడు కూడా దానికి ఏం చెప్పాలా అని ఆలోచించాను.

"ఇవాళ ఫరవాలేదండీ," అంది పిచ్చుక. "నిన్నటికంటే నయం. కానీ మహా మొండి మనిషి. మందులు వేళకు వేసుకోమంటే వినదు."

ఆయన నవ్వి, పిచ్చుక వైపు తిరిగాడు. ఆ తరువాత అంతా తనతోనే మాట్లాడాడు. ఆమెకి కారం పడుతుందా? పడదండీ, ఆమెకి చప్పటి సూప్ ఇవ్వండి. చేప? చేప నాకు, వేయించింది. ఆమె అలా ఎక్కువసేపు కూర్చోగలరా? కూర్చుంటుందండీ, నేను చూసుకుంటాను. ప్రతి మాటా నాదే. ఆసుపత్రి కౌంటర్ల ముందు నేను వాడే గొంతే, చివర్లో ఆ చిన్న నిట్టూర్పుతో సహా. పిచ్చుకను ఇన్నేళ్ళూ నేను ఇలా పక్కన కూర్చోబెట్టి మాట్లాడుతున్నానన్నమాట. నా నోరు తెరిచే ఉంది. మూయడానికి ఏదో ఒక వంక కావాలి కాబట్టి నీళ్ళు తాగాను.

నేను చెబుదామనుకున్న జవాబు కూడా 'ఫరవాలేదండీ' అనే. అయినా నేను చెబితే అది వేరేగా ఉండేది.

సూప్ వచ్చింది. పిచ్చుక చేప ఎర్రగా వేగి, పళ్ళెం అంచుదాకా పరుచుకుని వచ్చింది. తను ఫోర్కుతో ఒక ముక్క విరిచింది. రెండోది విరిచేటప్పుడు మణికట్టు వణికింది. నా చెయ్యి దానంతటదే లేచింది. బల్ల కింద నా పాదం మీద పిచ్చుక మడమ పడింది, గట్టిగా. చెయ్యి వెనక్కు తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. తను గ్లాసు ఎత్తలేక రెండు అరచేతుల మధ్య పట్టుకుని కూర్చుంది, చన్నీళ్ళ గ్లాసుతో చలి కాచుకుంటున్నట్టు. ఆ తరువాత మెల్లగా ఎత్తి తాగింది. ఒక్క చుక్క కూడా ఒలకలేదు.

మేనేజర్ పళ్ళేలు తీయించడానికి వచ్చాడు. పిచ్చుకతో, "మీకు చాలా ఓపికండీ. ఇలాంటి మనిషిని వెంటపెట్టుకుని ఊళ్ళు తిప్పడమంటే మాటలు కాదు," అన్నాడు.

పిచ్చుక తల దించుకుంది. సిగ్గుపడితే తన మెడ కాస్త పక్కకు వాలుతుంది. అలా వాలడం నేను చూసి చాలా కాలమైంది. "అబ్బే, ఏముందండీ, మనవాళ్ళేగా," అంది.

నేను చప్పటి సూప్ ఆఖరి చెంచా దాకా తాగాను.

బస్సుకు ఇంకా టైముంది. చెరువుగట్టున బెంచీ మీద కూర్చున్నాం. కూర్చోగానే పిచ్చుక మొహంలో రంగంతా దిగిపోయింది. కాళ్ళు చాపి, తల వెనక్కు వాల్చి కళ్ళు మూసుకుంది.

"కాసేపు మాట్లాడించకు వదినా. బాగున్న మనిషిలా ఉండడం ఇంత పని అనుకోలేదు."

"సరే."

"కానీ బావుంది. చాలా బావుంది. సూప్ ఎలా ఉంది?"

"ఉప్పు లేదు."

"చెప్పకపోయావా?"

ఏం చెప్పాలో తేల్చుకునేలోగా తను నిద్రలోకి జారిపోయింది. నాకు మాత్రం మాట్లాడాలని ఉంది. ఎంత ఉందంటే, నా పక్కనున్న సంచీలతో కూడా మాట్లాడేలా ఉన్నాను. గాలికి తన కొంగు జారుతుంటే సర్ది, ఆ చివర నా కాలి కింద తొక్కిపట్టుకున్నాను.

గట్టు మీద నడుస్తున్న ఒకావిడ మా ముందు ఆగింది. వాలిపోయిన తలనూ, తెరుచుకున్న నోటినీ చూసి దగ్గరకొచ్చింది.

"ఆవిడకు ఒంట్లో బాగోలేదా అమ్మా?"

"లేదండీ, చక్కగా ఉంది. చేప కాస్త ఎక్కువ తింది," అన్నాను. "నాకే, ఒంట్లో కాస్త..."

"హమ్మయ్య, కంగారు పడ్డాను," అని ఆవిడ పిచ్చుక వైపు ఇంకోసారి చూసి, తన దారిన తను వెళ్ళిపోయింది.