ఏ నోరూ మూయించని నేను

నేను ఒక చిట్టి ఆర్‌ఎన్‌ఏ ముక్కను. వేలెడంత కూడా లేని ప్లాస్టిక్ గొట్టం అడుగున, కంటికి ఆనని పొడిలా నన్ను ఉంచారు. మీరు నన్ను చూడలేదు, చూడలేరు కూడా. అయినా ఈ నాలుగు ముక్కలూ వినండి, మీ సొమ్మేం పోదు.

ఒక యంత్రం అక్షరం పక్కన అక్షరం అతికించి నన్ను తయారుచేసింది. నాకంటే కాస్త ముందు మా అక్క పుట్టింది. ఇద్దరివీ అవే అక్షరాలు. అక్కవి పద్ధతిగా పేర్చారు, నావి కలగాపులగం చేసిపారేశారు. పొరపాటున కాదు, కావాలనే!

ఎందుకంటారా? జీవకణంలో ప్రతి జన్యువూ తన పనిని చీటీ మీద రాసి పంపుతుంది. ఆ చీటీ ప్రకారమే ఎంజైము తయారవుతుంది. అక్క లోపలికి వెళ్లి, తనకు సరిపోయే చీటీని పట్టించి ముక్కలు చేయిస్తుంది. ఇక ఆ ఎంజైము పుట్టదు. దీన్నే వీళ్లు జన్యువు నోరు మూయించడం అంటారు. నోరు మూయించడానికి ఇంత సరంజామానా అని నాకు నవ్వొచ్చింది. మీ ఇళ్లలో ఒక్క చూపుతో అయిపోయే పని కదండీ అది!

మరి నా సంగతి? నాకు సరిపోయే చీటీ ఏ కణంలోనూ లేదు. వెళ్లడం, ఊరికే ఉండడం, అంతే. జరిగిన మార్పు అక్క వల్లనే జరిగిందా, మేం లోపలికి దూరిన హడావిడి వల్ల జరిగిందా అని తేల్చడానికి నేను కావాలట. ఏమీ చేయకపోవడమే నా ఉద్యోగం. అలాంటి ఉద్యోగాలు మీలోనూ ఉన్నాయంటారు గానీ, ఒప్పుకునేవాళ్లే తక్కువ.

పొగలు కక్కే మంచుపెట్టెలో విశాఖపట్నం చేరాం. అక్కడి ప్రయోగశాలలో హైమవతి అనే పరిశోధకురాలు మమ్మల్ని గడ్డకట్టే చలిలో దాచింది. ఆ చలిలో నిద్ర మీ నిద్రలా ఉండదు. కలకి మొదలుండదు, చివరుండదు. నా అక్షరాలన్నీ విడిపోయి, తేలిపోయి, ఎక్కడో ఒక చీటీ మీద సరిగ్గా వాలినట్టు ఎన్ని కలలు కన్నానో.

హైమవతి పట్టుకున్న సమస్య పెద్దదే. మీరు తినే తిండిలో టైరోసిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. దాన్ని వరసగా కొన్ని ఎంజైములు విరగ్గొడతాయి. కొందరు పసిపిల్లల్లో ఆ వరసలో చివరిది ఉండదు. సగం విరిగిన సరుకు విషమై లివర్ని తినేస్తుంది. వరసలో పైనున్న ఎంజైము జన్యువు నోరు ముందే మూయిస్తే విషం పుట్టదు కదా అని హైమవతి ఆశ. పైన తూము మూస్తే కింది చేను మునగదు, అదీ లెక్క.

ఆమె పెంచుతున్న కణాలు అనకాపల్లి నూకరత్నం కొడుకువి. ఆ బాబు ఈ జబ్బుతోనే పోయాడు. అప్పుడు తీసిన లివర్ ముక్కలోంచి వచ్చిన కణాలు గాజుపళ్లెంలో ఇంకా పెరుగుతూనే ఉన్నాయి. నూకరత్నం చంకలో ఉన్న ఆడపిల్లకీ అదే జబ్బు. ఓ రోజు ఆమె వచ్చి సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టింది.

“ఇయ్యి మా బాబువేనా అమ్మా?”

“బాబువే అక్కా.”

“ఇంకా బతికే ఉన్నాయా?”

“ఉన్నాయక్కా.”

ఆమె చాలాసేపు కన్ను తీయలేదు. తర్వాత అంది, “ఈడి సెల్లికి దారి దొరికినా దొరక్కపోయినా, ఉన్నదున్నట్టు సెప్పమ్మా. నా మొకం సూసి అందరూ తియ్యగా సెప్పినోళ్లే.”

ప్రయోగం రోజు ఒకే పళ్లెంలో రెండు వరసలు పెట్టారు. ఒకదానిలోకి అక్క, రెండోదానిలోకి నేను. కొవ్వు బొట్టులో చుట్టుకుని గులాబీ రంగు నీళ్లలో తేలుతూ లోపలికి జారాను. చుట్టూ చీటీలు, చీటీలు! అన్నీ నన్ను ఒరుసుకుంటూ పోయాయి. ఒక్కటీ నాది కాదు. ఆ తర్వాత టైరోసిన్ కలిపిన ఆహారమంటూ సీసాలోది పోశారు.

అక్క వరస బతికింది! హైమవతి ఎగిరి గంతేసింది. తర్వాత నా వరస చూసింది. చావాల్సినవి అవీ నవనవలాడుతున్నాయి. మరి అక్క వల్లే బతికాయని ఎలా అనడం?

ఆమె గైడు చక్రపాణి గారు చెడ్డవాడేం కాదు, ఆశపడ్డ మనిషి. “ఆ వరసేదో పాడైందనుకో అమ్మా. తీసేసి, మిగతా ఫొటోలు పెట్టేయ్,” అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఏమీ చేయనిదాన్ని పాడుచేసిందంటారేమిటి!

హైమవతి వెళ్లి ఫ్రిజ్ తెరిచింది. టైరోసిన్ కలిపిన సీసా, కలపని సీసా, రెండూ ఒకే గులాబీ రంగు. కలిపిన సీసా సీలు తీసి కూడా లేదు.

“అయ్యో నా మతిమండ! చేతికందింది పోసేశాను సార్. విషమే పుట్టకపోతే అన్నీ బతుకుతాయి. ఆ రెండో వరస లేకపోతే నూకరత్నమ్మకి అబద్ధం చెప్పేదాన్ని.”

ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నారు. “మళ్లీ చెయ్యమ్మా,” అన్నారు.

మళ్లీ చేసింది. ఈసారి నా చుట్టూ విషం నెమ్మదిగా పేరుకుంది. కణాలు ముడుచుకుని, ఒక్కొక్కటే పళ్లెం అడుగు వదిలి పైకి తేలాయి. నా అక్షరాలు అక్కలాగా ఉంటే ఆపి ఉండేదాన్నే. ఉత్తదాన్ని, చూస్తూ ఉండిపోయాను. ఏడుపొచ్చింది.

హైమవతి ముందు నా వరసే చూసింది. “సార్! చచ్చాయి సార్, చచ్చాయి!” అని కేక పెట్టింది. తర్వాత అక్క వరస చూసింది. అవి బతికున్నాయి. ఒక పసివాడి కణాలు చచ్చాయని ఇద్దరు మంచి మనుషులు చేతులు పట్టుకుని నవ్వడం అప్పుడే చూశాను. తప్పుపట్టడానికి మనసు రాలేదు.

కబురందుకుని నూకరత్నం పిల్లనెత్తుకుని వచ్చింది. “మందు కావడానికి చాలా దూరం ఉందక్కా. కానీ దారైతే ఉంది,” అంది హైమవతి. నూకరత్నం అక్క వరసను కళ్లారా చూసుకుంది. ఆపైన తల తిప్పి అడిగింది, “మరి ఈ పక్కనున్నయ్యో?”

ఖాళీ అని చెప్పేయొచ్చు. హైమవతి చెప్పలేదు.

“అవి పోయాయక్కా. వాటికి పనిచెయ్యని ముక్క వేశాను. అవి పోతేనే, ఇవి నిజంగా బతికాయని నమ్మగలం.”

“అయ్యీ మా బాబువేగా?”

“అవునక్కా.”

సాయంత్రానికి పళ్లెం, కాల్చేసే చెత్త వేసే పసుపు సంచిలోకి పోతుందని నాకు తెలుసు. నూకరత్నం కొంగుతో ముక్కు తుడుచుకుని, పిల్లని నా వరసకేసి వంచింది.

“అన్నయ్యకి దణ్ణం పెట్టు తల్లీ,” అంది.

ఆ పిల్ల నవ్వుతూ రెండు చేతులూ జోడించింది.