ఎర్ర మీట నొక్కితే

నేను ఒక ఎంపీత్రీ ప్లేయర్ని. అగ్గిపెట్టెకి అన్నలా ఉంటాను. ముందువైపు పచ్చ మీట, దాని పక్కన ఎర్ర మీట, కింద వేలెడంత తెర, నెత్తిన ఇయర్‌ఫోను పెట్టుకునే కన్నం, వీపున చిన్న స్పీకరు. ఎక్కడ పుట్టానో సరిగ్గా చెప్పలేను. పెద్ద హాలు, తెల్లటి చేతి తొడుగులు, బారులు తీరిన నాలాంటివాళ్ళు. ఎవరో ఒకసారి పాడించి చూసి అట్టపెట్టెలో పడేశారు. నా బాల్యం అక్కడితో సరి.

మొదట నన్ను కొన్నది భీమవరం కాలేజీ అమ్మాయి. మెడలో వేసుకుని బస్సెక్కేది. కొన్నాళ్ళకి ఆమె చేతికి కొత్త ఫోను వచ్చింది. అందులో పాటలున్నాయి, సినిమాలున్నాయి, స్నేహితులున్నారు. నాలో పాటలే ఉన్నాయి. మనుషులు పక్కపక్కన పెట్టి చూడటం మొదలుపెడితే నాలాంటివాళ్ళకి మిగిలేది అటకే. అటక మీంచి ఆకివీడులో సుకన్య నడిపే కంప్యూటర్ షాపుకి చేరాను. అక్కణ్ణుంచి నూకరాజు జేబులోకి.

నూకరాజు రొయ్యల చెరువుకి కాపలాదారు. చుట్టూ నీళ్ళు, గట్టు మీద తాటాకు పాక. వేళకి మేత చల్లాలి, కొంగల్ని అదిలించాలి, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవాలి. అవి ఆగితే రొయ్యలు తేలిపోతాయి. పంట చేతికొచ్చేదాకా గట్టు దిగడానికి వీల్లేదు. మనిషి మొహం చూడాలంటే మేత బస్తాల వ్యాన్ రావాలి. ఆ డ్రైవరూ బస్తాలు దింపి, హారన్ కొట్టి పోతాడు తప్ప పలకరించడు.

అసలు నూకరాజే పలకరించే రకం కాదు. గట్టు మీద నోరు కట్టేసుకుని బతికి బతికి, ఇంటికెళ్ళినా అలాగే కూర్చునేవాడు. అన్నం పెడితే తినేవాడు. ఫోన్ చేస్తే "ఊఁ" అనేవాడు. భార్య కొండమ్మ ఓపిక పట్టింది, పట్టింది, చివరికి పాలకొల్లులో అన్నయ్య ఇంటికి వెళ్ళిపోయింది. వెళ్తూ గట్టు మీదకొచ్చి ఒక మాట అంది. "మావా, నేను గోడతో కాపురం చెయ్యలేను. నాతో నాలుగు మాటలు మాట్లాడాలనిపిస్తే కబురు పెట్టు. ఈ పంట అయ్యేలోపు రాకపోతే అన్నయ్య చూసిన హాస్టల్లో వంటపనికి చేరిపోతాను. ఇక రాను."

దానికీ నూకరాజు "ఊఁ" అనే అన్నాడు.

ఇదంతా నాకెలా తెలుసంటే, ఆయనే చెప్పాడు. గట్టు మీద, ఎవరూ లేనప్పుడు, గట్టిగా. పాటలు వింటూ వింటూ ఉన్నట్టుండి నన్ను ఆపేసేవాడు. ఎదురుగా కొండమ్మ కూర్చున్నట్టే మొదలుపెట్టేవాడు. "కొండమ్మా, ఈవేళ పులుసులో ఉప్పెక్కువైంది. నీకు చెప్తే నవ్వుతావు." అన్ని మాటలు ఆ గొంతులో ఎక్కడ దాక్కున్నాయో నాకు అర్థమయ్యేది కాదు.

పంట సగంలో ఉండగా ఆయనకి పాత పాటలు మొహం మొత్తాయి. పక్క చెరువు కాపలావాణ్ణి ఏరియేటర్ల మోటార్ల దగ్గర కూర్చోబెట్టి, నన్ను తీసుకుని సుకన్య షాపుకి వచ్చాడు.

"కొత్త పాటలు ఎక్కించమ్మా."

సుకన్య నన్ను వైరుతో కంప్యూటర్‌కి తగిలించింది. కంప్యూటర్ నన్ను గుర్తు పట్టలేదు.

"బాబాయ్, ఈ వైరు ఛార్జింగుకే పనికొస్తుంది. పాటలు పోవు," అని వేరే వైరు మార్చింది. ఈసారి గుర్తు పట్టింది. పాటలు కదిలాయి. రెండో పాట సగంలో ఆగిపోయాయి.

"చోటు లేదంటోంది."

"అదేంటి. ఉన్నవే పిడికెడు పాటలు."

సుకన్య తీసి మళ్ళీ తగిలించింది. వైరస్సేమో అని వెతికింది. పాటలన్నీ లెక్కేసి చూసింది, పిడికెడే. అయినా నిండుగానే ఉన్నాను. చివరికి ఒక మూల ఫోల్డర్ తెరిచి కుర్చీలో వెనక్కి వాలింది.

"బాబాయ్, పాట ఆపడానికి ఏ మీట నొక్కుతావు?"

"ఎర్రది. మోటారు స్టార్టరుకి పచ్చ నొక్కితే నడుస్తుంది, ఎర్ర నొక్కితే ఆగుతుంది. ఇదీ అంతేగా. నొక్కగానే పాట ఆగిపోద్ది."

"ఆగుతుంది. ఆగి, నీ మాటలు పట్టుకుంటుంది. అది రికార్డు మీట."

ఒకటి పాడించింది. ఏరియేటర్ల హోరు, దాని మధ్య ఒక మగ గొంతు. "మీ అన్నయ్య ఇంట్లో ఫ్యానుందా కొండమ్మా? ఇక్కడ గాలికి కొదవ లేదు. అంతా రొయ్యలకే."

నూకరాజు చెవి ఒగ్గాడు. "ఎవరమ్మా అతను?"

"నువ్వే బాబాయ్."

ఆయన నమ్మలేదు. ఇంకొకటి విన్నాడు. "నువ్వెళ్ళిన రోజు బస్సు దాకా వద్దామనుకున్నాను. మోటారు ఆగింది. అది ఆగితే రొయ్యలు చస్తాయి. నువ్వెళ్తే..." తర్వాత హోరు తప్ప ఏమీ లేదు.

సుకన్య మౌస్ మీద చెయ్యి పెట్టి అడిగింది. "ఇవి తీసేస్తే పాటలు పడతాయి. తీసెయ్యనా?"

ఆయన వైరు పీకి నన్ను జేబులో వేసుకున్నాడు.

"పాటలొద్దులే."

ఆ సాయంత్రమే పాలకొల్లు బస్సెక్కాడు. దారంతా పెదవులు కదుపుతూనే ఉన్నాడు. తలుపు తీసిన కొండమ్మ ముందు ఆ మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి. నన్ను ఆమె చేతిలో పెట్టి, "పచ్చది నొక్కు," అన్నాడు. వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. చెరువు దగ్గర మోటార్లు పరాయివాడి చేతుల్లో ఉన్నాయి మరి.

కొండమ్మ విసుక్కుంటూనే నొక్కింది. తర్వాత పీట లాక్కుని కూర్చుంది. మర్నాడు కూర తరుగుతూ విన్నది, బట్టలు మడతపెడుతూ విన్నది. ఉప్పు దగ్గర నవ్వింది. బస్సు దగ్గర కత్తిపీట ఆపేసింది. హాస్టల్ వాళ్ళు కబురు పెడితే రేపు చెప్తానంది.

చివరి మాట కూడా అయిపోయాక వదిన దుర్గని పిలిచింది. "వదినా, దీనిలో నేనూ మాట్లాడాలి. ఎలాగ?"

దుర్గ అటూ ఇటూ తిప్పి ఎర్ర మీట నొక్కింది. తెర మీద పడిన అక్షరాలు కూడబలుక్కుని చదివింది. "నిండిపోయిందంట. పాతది ఏదైనా తీసేస్తే పడుతుందంట. ఏది తీసెయ్యను? ఆ పులుసు గోల తీసేద్దామా?"

"అది వద్దు."

"కొంగ కాలు విరిగిందని ఏడ్చాడే, అది?"

"వద్దు."

"పోనీ, ఏమీ మాట్లాడకుండా ఉత్త హోరు ఉందే, అది?"

కొండమ్మ నన్ను లాక్కుంది. "అది అసలే వద్దు."

లేచి దండెం మీంచి చీరలు తీసి సంచీలో కుక్కుకుంది.

"ఎక్కడికే?"

"చెప్పాల్సింది ఉంది. దీంట్లో చోటు లేదుగా."

"మరి ఇది తీసుకెళ్ళవా?"

"విన్నాను గదా వదినా. ఉండనీ."

నన్ను గోడ గూట్లో, దువ్వెన పక్కన పెట్టి వెళ్ళింది. చెప్పుల చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

అప్పటినుంచి ఇక్కడే ఉన్నాను. ఛార్జింగు ఎప్పుడో అయిపోయింది. దుర్గ పండక్కి దుమ్ము దులిపినప్పుడు నన్ను ఎత్తి, తుడిచి, అదే చోట పెడుతుంది. కొండమ్మ గట్టు మీదకి వెళ్ళి ఏం చెప్పిందో, ఆయన ఏమన్నాడో నాకు తెలీదు. "ఊఁ" అనే అని ఉంటాడు.

ఆమె మళ్ళీ ఈ గుమ్మం తొక్కలేదు. నా కోసం కూడా రాలేదు.