జాన్కె గోడకు సిమెంటు కోటు

జాన్కె జారాకు ఒకచోట కాలు నిలవడం లేదు. పొద్దుటి నుంచి పదిసార్లు గడపలో నిలబడి, పురిటి గది పడమటి గోడకు లోపలివైపు అరచెయ్యి ఆనించి చూశాడు. మధ్యాహ్నం తిరిగేసరికి చెయ్యి చురుక్కుమంది.

గదిలో కోడలు సిరా, ఆరు రోజుల పసివాడు. నెల ముందే పుట్టిన బిడ్డ, ఒళ్లు సలసలా కాగుతోంది. పొద్దుటి నుంచి పాలు తాగలేదు. బయటికి తెద్దామంటే వడగాలి, పక్క గదులకేమో రేకుల కప్పు.

మట్టి గోడ వేడెక్కితే వాళ్ల సెగూ ఊళ్లో నీళ్లు కుమ్మరిస్తారు. జాన్కె కూడా వారం రోజులుగా బిందెలకు బిందెలు కుమ్మరిస్తూనే ఉన్నాడు. కానీ పురిటికని కిందటి నెలే ఆ మట్టికి లోపలా బయటా సిమెంటు పూశాడు. బయట తాపీ మొనతో తన పేరు కూడా చెక్కుకున్నాడు. పైన సిమెంటు బీటల్లోంచి లోపలికి దిగిన నీరు ఎటు పోతోందో ఆలోచించనే లేదు.

మంత్రసాని తెనెన్ త్రావొరె వస్తూనే గోడ తడిమింది.

"ఒరే బొబ్బర్లు మెక్కేవాడా! పురిటి గది కట్టమంటే రొట్టెల పొయ్యి కట్టావేంరా?"

జారా, త్రావొరె ఇంటిపేర్ల వాళ్ల మధ్య తాతల నాటి నుంచి పరాచికం, బొబ్బర్లు తింటావని తిట్టుకోవడం దగ్గర్నుంచి ఎంత మాటైనా చెల్లుతుంది. కోపం తెచ్చుకున్నవాడిదే తప్పు. మామగారి పనికి వంక పెట్టలేక సిరా ఇన్నాళ్లూ నోరు కుట్టేసుకుంది, తెనెన్‌కు ఆ బెంగ లేదు.

"నలభై ఏళ్లుగా తాపీ పట్టినవాణ్ణి. నాకు గోడ గురించి చెబుతావుటే, బొబ్బర్ల బస్తా!"

"చెబుతాను. తడిగుడ్డతో పొయ్యి మీది కుండ దించి చూడు, చెయ్యి బొబ్బలెక్కుతుంది. పొడిగుడ్డయితే కాపాడుతుంది. నీ గోడ తడిగుడ్డయి కూర్చుంది. ఆరిపోకుండా పైన కోటు తొడిగి బొత్తాలు కూడా పెట్టావు!"

జాన్కెకు అప్పుడు వెలిగింది. పసివాణ్ణి తనే చేతులారా ఉడకబెడుతున్నాడు. గునపం తీసుకుని గోడ వెనక్కి పరుగెత్తాడు.

మొదటి పోటు తన పేరు మీదే పడింది. పెచ్చులు ఊడుతుంటే లోపల మట్టి నల్లగా, పేడముద్దలా మెత్తగా ఉంది. సిగ్గుతో, భయంతో అరచేతులు పగిలేదాకా పొడిచాడు. గోడ మొత్తం బోసిపోయేసరికి పొద్దు వాలింది.

గాలి తగిలి మట్టిలోని తడి ఆవిరవుతూ వేడిని వెంటబెట్టుకుపోయింది. జాన్కె అరచెయ్యి ఆనించాడు. చల్లగా తగిలింది. నమ్మలేక ఇంకోసారి ఆనించాడు.

"మామయ్యా, తాగుతున్నాడు!" లోపలి నుంచి సిరా కేక వేసింది.

తెనెన్ బయటికి వచ్చి కిందపడ్డ పెచ్చుల వంక చూసింది.

"ఎల్లుండి నీ మనవడికి పేరు పెట్టాలిగా. గోడ మీది నీ పేరు ఖాళీ అయింది, వాడికిచ్చెయ్యరా బొబ్బర్లోడా."

జాన్కె చేతిలోని గునపం పక్కన పడేశాడు. పొద్దుటి నుంచి మొదటిసారి, ఉన్నచోటే చతికిలబడ్డాడు.